పెద్దబండి, పెద్దరికము

మన యిండ్లలో పిల్లవానికి ఉద్యోగము కుదిరినదన్న వార్త రాగానే, మొదటి నెల జీతము చేతికందకముందే, ఇంటిల్లిపాదియు కూర్చుండి చర్చించు విషయ మొకటి కలదు: వీనికి ఏ బండి కొందము? తాతగారు ఒకటి చెప్పుటయు, తండ్రి వేఱొకటి చెప్పుటయు, కుఱ్ఱవాడు మూడవది కోరుటయు లోకసహజము. కాని ఈ విషయమున మాత్రము మూడు తరములవారును, వారికి తోడు అంగడివాడును, ఏకకంఠముతో పలుకుచున్నారు. పెద్దబండి కావలెను. బరువైనది కావలెను. వీథి మొగదలనే దాని శబ్దము విని, ఫలానావారి అబ్బాయి వచ్చుచున్నాడని పదిమందియు తెలిసికొనవలెను. పెండ్లి సంబంధములలోను, పిల్లల చదువుల విషయములోను ఎన్నడును కలియని మన పెద్దలు ఈ యొక్కచోట కలిసిరి, కలిసినచోటనే తప్పిరి. ఆ తప్పును ఎత్తిచూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను మోటారు సైకిలును ద్వేషించువాడను కాను. నలువదియేండ్లుగా దానిమీదనే తిరుగుచున్నాను. హోసూరునుండి కృష్ణగిరి మీదుగా కుప్పము, అచటినుండి పలమనేరు, ఆపైని మొగిలి ఘాటు దిగి చిత్తూరు, తిరుపతి: ఈ దారిని ఏటికొక్కసారియైనను బండిమీదనే పోయివచ్చుట నాకు వ్రతమువలె నైపోయినది. మా నాయనగారి జావాతో మొదలిడి, ఆర్.ఎక్స్. 100, బుల్లెట్టు, పిమ్మట నూరు సి.సి.ల హీరో హోండా, ఇప్పుడు నూటయేబది సి.సి.ల తరగతి బండి యొకటి నా చేతిలో నడచినవి. వీనిలో మొదటి మూడింటిని నా చేతులతోనే విప్పి బిగించితిని. కావున నేను చెప్పబోవునది పిఱికివాని మాట కాదు. బండి నెక్కనివాని మాట అసలే కాదు.

మన కుటుంబములకు ఈ వాహనములతో గల చుట్టఱికము చిన్నది కాదు. దేశమున పేరుపొందిన కర్మాగారములు కొన్ని మన ముంగిళ్లలోనే వెలసినవి. మద్రాసు చెంత తిరువొత్తియూరున బుల్లెట్టు పుట్టినది. 1955లో మద్రాసు మోటార్సువారు ఆంగ్లదేశమందలి రెడ్డిచ్ నగరపు కంపెనీతో కలిసి ఆ పని ప్రారంభించిరి. మైసూరులో ఐడియల్ జావావారు 1961 మొదలు జావాలను, 1973 నుండి యెజ్డీలను తయారుచేసి, 1996లో తలుపులు మూసిరి. హోసూరులో 1980లో టి.వి.ఎస్. 50 వెలువడినది; 1984లో జపానువారి సుజుకితో కలిసి నూరు సి.సి.ల బండ్లు వచ్చినవి. ఈ మూడు ఊళ్లలోను తెలుగిండ్లవారు ఎందఱో ఆ కర్మాగారముల గేట్లలోనుండి వచ్చిన జీతముతో బిడ్డలను చదివించుకొనిరి. కావున బండి మనకు పరాయివస్తువు కాదు. దాని గుణదోషములు మనకు తెలియవని చెప్పుకొనుటకు వీలులేదు.

బండి యన్న మాటనే చూడుడు. తెలుగున బండి, కన్నడమున బండి, తమిళమున వండి. ఎద్దులు లాగినదియు బండియే, పెట్రోలు లాగుచున్నదియు బండియే. మా తాతగారు సంతలో హళ్లికారు కోడెలను కొనునప్పుడు నేను వెంటనుంటిని. ఆయన కొమ్ముల పొడవు చూచి మురిసిపోలేదు. గిట్టలు తడవి చూచెను, నడిపించి చూచెను, పరుగెత్తించి, పగ్గము బిగించిన పిమ్మట ఎన్ని అడుగులలో నిలిచెనో లెక్కించెను. ఎంత బలముగల యెద్దైనను నిలువనిచో ఆయన కొనలేదు. నేడు ఆయన మనుమలు, మునిమనుమలు అంగడిలో అడుగు ప్రశ్న లేమి? ఎన్ని సి.సి.లు? ఎంత వేగము పోవును? చప్పుడెట్లుండును? ఎన్ని అడుగులలో నిలుచునని అడిగినవానిని నేనింతవఱకు చూడలేదు. కొమ్ములు చూచి ఎద్దును కొనుట యిదియే.

ఈ మధ్య కృష్ణగిరిలో ఒక పెండ్లివిడిదిలో మా బావగారితో నాకు ఈ విషయమై వాదము వచ్చినది. ఆయన కుమారునికి నూటపాతిక సి.సి.ల బండి చాలునంటిని. ఆయన మొగము చిట్లించి, "పాలోడు, పూలోడు తిరిగే బండి మనోనికి ఎందుకు బావా?" అనెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ నవ్వులోనే మన తెగులంతయు నున్నది.

పాలవాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, రెండు ప్రక్కల క్యానులు వ్రేలాడగట్టి, చీకటిలో గుంతల దారిని పల్లెలన్నియు చుట్టుచున్నాడు. బండి నిలిచిపోయినచో వాని పాలు విఱిగిపోవును. హోసూరు చుట్టుప్రక్కల గులాబితోటలవాడు తన ఎక్సెల్ బండిమీద తనకంటె ఎత్తైన పూలమూటను కట్టి, సూర్యోదయమునకు ముందే మార్కెట్టు చేరుచున్నాడు. ఆలస్యమైనచో పూవు వాడును, ధర పడిపోవును. వీరి కూడు బండిమీద నాధారపడి యున్నది. కావున వీరు గొప్పను చూడరు, గుణమును చూతురు. పదియేండ్లు, పండ్రెండేండ్లు ఒక్కటే బండిని నడపుదురు. దాని గొలుసెప్పుడు బిగింపవలెనో, బ్రేకు చెక్క లెప్పుడు మార్చవలెనో, ఏ టైరు వానలో జారునో వారికి తెలిసినట్లు ఆదివారమునాడు మాత్రము బండి నెక్కు ఆసాములకు తెలియదు. మోటారు సైకిళ్ల శాస్త్రమునకు ఒక విద్యాపీఠమున్నచో మొదటి ఆచార్యపదవి మా వీథి పాలవానికే ఈయవలెను. అట్టివాడు ఎన్నుకొనిన బండిని, వాడు ఎన్నుకొనెనను కారణముచేతనే నిరాకరించుట కంటె అవివేకమేమి?

ఇక బుల్లెట్టు మాట. దానిని నేను ఎనిమిదేండ్లు నడపితిని. దాని అందమును కాదనను. పాత ఇనుప ఇంజను బుల్లెట్టులో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. అనగా వెడల్పుకంటె నడక ఎక్కువ. దానికి తోడు బరువైన ఫ్లైవీలు. అందుచేతనే అది నెమ్మదిగా, ఒక్కొక్క దెబ్బయు లెక్కింపదగినట్లు కొట్టుకొనును. తక్కువ వేగమున టాప్ గేరులో గునగున సాగిపోవును. ఉదయపు మంచులో కుప్పము దారిని చింతచెట్ల నడుమ ఆ బండిపై పోవునప్పటి సుఖమును నేను మఱచువాడను కాను. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. వేఱొక బండి నెక్కిన దినమున కాళ్లు తడబడునుగాక, అదియొక ముచ్చట. ఆ పాత ఇంజను పొగనిబంధనలకు నిలువలేక 2010 ప్రాంతమున వెళ్లిపోయినది. ఇప్పుడు వచ్చుచున్నది పేరు మాత్రమే పాతది. ఇంజను వేఱు, కొలతలు వేఱు.

కాని బుల్లెట్టుకు మన ఊళ్లలో గల గౌరవము ఆ అందమువలన వచ్చినది కాదు. అది ఎచటినుండి వచ్చినదో విచారింపుడు. 1950వ దశకమున భారత సైన్యము సరిహద్దుల గస్తీకై ఆ బండిని ఎన్నుకొనెను. పిమ్మట పోలీసువారు తీసికొనిరి. మన బాల్యమున పల్లెలో ఆ దుగ్దుగ్ శబ్దము వినబడినదన్న, దారోగాగారు వచ్చుచున్నారని అర్థము. రచ్చబండ మీది వారు లేచి నిలువబడుదురు. పేకముక్కలు పంచెల మడతలలోనికి పోవును. ఆ గౌరవము ఖాకీబట్టది, లాఠీది, ఇంజనుది కాదు. నేడు లక్షలు పోసి మనము కొని తెచ్చుకొనుచున్నది ఆ పాతభయము యొక్క ప్రతిధ్వనిని. నలుగురు లేచి నిలువబడిన కాలమును తలచుకొని ముచ్చటపడుచున్నాము. ఎందుకు లేచిరో మఱచితిమి.

ఒక సాయంకాలము వి.కోట దాటి పలమనేరు దారిలో నా బుల్లెట్టు వెనుకచక్రము పంక్చరైనది. అది కమ్మీల చక్రము, లోపల ట్యూబు. మేకు దిగిన క్షణములోనే గాలి పోయినది. దారి ఎత్తు. రెండు కిలోమీటర్లు త్రోసితిని. అప్పుడు నా వయస్సు ముప్పదియైదు. బస్తాలు మోయగల శరీరము. ఐనను ప్రతి యేబది అడుగులకు నిలిచి ఊపిరి పీల్చుకొనవలసి వచ్చినది. టొమాటో బుట్టలతో పోవుచున్న రైతు ఒకడు తన మోపెడ్డు నిలిపి, నా అవస్థ చూచి, ముందు ఊరికిపోయి పంక్చరువానిని తన వెనుక కూర్చుండబెట్టుకొని తీసికొనివచ్చెను. రెండువందల కిలోల బండిని అరువది కిలోల బండి ఆదుకొనినది. అరువదియేండ్ల తండ్రిగాని, ఇంటి ఆడపిల్లగాని ఆ స్థితిలో ఉన్నచో ఏమి చేయుదురు? పెద్దబండిని కొనువారు దానిని ఎక్కి పోవుటనే తలచుచున్నారు. దిగి త్రోయుటను తలచుట లేదు. ఇంటిముందు ఏటవాలుగా నున్న వాకిటిలోనికి దానిని వెనుకకు ఎక్కించుటయే చాలమంది ఇల్లాండ్రకు అలవికాని పని. కావున పెద్దబండి వచ్చిన ఇంటిలో బండి ఒక్కనిదగును. చిన్నబండి వచ్చిన ఇంటిలో అది అందఱిదగును.

అంకెలు కోరువారికి అంకెలే చెప్పుదును. నేటి బుల్లెట్టు ఇంజను 349 సి.సి.; దాదాపు 20 అశ్వశక్తులు; బరువు 195 కిలోలు. స్ప్లెండరు 97 సి.సి.; దాదాపు 8 అశ్వశక్తులు; బరువు 112 కిలోలు. మొదటిదాని వెలకు రెండవవి రెండు వచ్చును. నా అనుభవమున లీటరు పెట్రోలుకు మొదటిది ముప్పదియైదు కిలోమీటర్లు, రెండవది అరువదికి మించి నడచును. ఇక 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆర్.ఎక్స్. 100 సంగతి: 98 సి.సి.లతో 11 అశ్వశక్తులు, నూరు కిలోలకు అటునిటు బరువు. తన బరువునుబట్టి చూచినచో అది నేటి బుల్లెట్టుకు శక్తిలో ఏమాత్రము తీసిపోదు. సి.సి.లను చూచి శక్తిని ఊహించుట ఎంత పొరపాటో దీనివలననే తెలియగలదు.

ఐతే శక్తి వఱకే మాటాడి ఊరకుండుట నా ఉద్దేశము కాదు. ఆగుట యన్నదే అసలు విద్య. గంటకు నలువది కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకనుకు పదునొకండు మీటర్లు పోవును. ఎదుట ఆవు వచ్చినది. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి కదలుటకు ఒక్క సెకను పట్టుననుకొందము. పదునొకండు మీటర్లు అప్పటికే గడచినవి. పొడిదారి, మంచి టైర్లు, రెండు బ్రేకులు గలవానికి ఆపైన ఇంకొక పది మీటర్లు కావలెను. మొత్తము ఇరువదియొక్కటి. అరువది వేగమున ఈ లెక్క నలువది మీటర్లగును. ఎనుబది వేగమున అరువదిమూడు. వేగము రెండింతలైనది; దూరము మూడింతలైనది. దీనిలో ఏ కంపెనీ మహిమయు లేదు. వేగము రెట్టింపైనచో దానిని చంపుటకు వలయు పని నాలుగు రెట్లగునన్నది ప్రకృతినియమము. వానపడిన తారుమీద ఈ అంకెలను ఇంకను పెంచుకొనవలెను.

ఈ సందర్భమున మన ప్రాంతమున పాతుకొనియున్న ఒక మూఢవిశ్వాసమును ఖండింపక తప్పదు. ముందు బ్రేకు పట్టినచో బండి తలక్రిందగునట! తండ్రి కొడుకునకు చెప్పు మొదటి పాఠమిదే. సైకిలు నేర్చిననాటి భయము జీవితాంతము నిలిచిపోయినది. నిజమేమనగా, బండిని నిలుపునప్పుడు బరువంతయు ముందుచక్రము మీదికి ఒరగును, వెనుకచక్రము తేలికపడును. తేలికపడిన చక్రమును ఎంత బిగించినను అది ఈడ్చుకొనిపోవునే కాని నిలువదు. ఆపుశక్తిలో పెద్దభాగము ముందుచక్రముదే. మెత్తగా మొదలిడి క్రమముగా బిగించుట యన్నది అభ్యాసముచేత ఒక్క ఆదివారములో వచ్చు పని. వెనుక బ్రేకునే నమ్మి బండి నడపువాడు తన సొత్తులో మూడింట రెండుపాళ్లు బ్యాంకులో పెట్టి మఱచినవానివంటివాడు. ఏ పెద్దబండి మోజుగల తండ్రినైనను అడిగి చూడుడు. కుమారునికి ఈ విషయము నేర్పితినని చెప్పగలవారు నూటికి ఒక్కరైన నుందురా?

శక్తిని అమ్మి ఆగుటను మఱచుట అంగడివారికిని క్రొత్త కాదు. 1983లో మన దేశమున రాజ్దూత్ 350 అను పేర యమహావారి ఆర్.డి. 350 బండిని దింపిరి. 347 సి.సి.లు, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, మొదటి నమూనాకు ముప్పది అశ్వశక్తులు. ఆనాటి మన దారులమీద అది పిడుగు. జపాను నమూనాకు ముందు డిస్కు బ్రేకు కలదు. మన దేశమున దానిని తీసివేసి డ్రమ్ము బ్రేకు పెట్టిరి. పరుగు అట్లే యున్నది, పగ్గము మాత్రము మాఱినది. నేటికిని మన కుఱ్ఱవాండ్రు ఆ బండి పేరు చెప్పినంతనే కనులు మూసికొని తన్మయులగుదురు. దానిని లక్షలు పోసి బాగుచేయించుకొనుచున్నారు కూడ. వస్తుప్రదర్శనశాలలో ఉంచదగిన వస్తువే, కాదనను. ఇరువదియేండ్ల పిల్లవాని చేతికీయదగినది మాత్రము కాదు.

ఘాటుదారి బండికి పరీక్ష. ఎక్కుటలో కాదు, దిగుటలో. జావా, ఆర్.ఎక్స్. వంటి టూ స్ట్రోకు బండ్లు ఎక్కునప్పుడు లేడిపిల్లలు. దిగునప్పుడు వాని ఇంజను పట్టుకొనదు. ఆ బండ్లకు నూనె పెట్రోలుతోనే లోనికి పోవును గనుక, త్రాటిలు మూసి పెద్దవాలు దిగునప్పుడు పిస్టనుకు తడి తగ్గి పట్టివేయు భయము కూడ కలదు. అందుచేత నడుమ నడుమ కొంచెము తెఱచుచు రావలెను. ఫోర్ స్ట్రోకు నూరు సి.సి.ల బండిని రెండవ గేరులో పెట్టి మొగిలి ఘాటు దిగి చూడుడు. ఇంజనే వెనుకకు లాగుచుండును. బ్రేకు డ్రమ్ములు వేడెక్కవు. ప్రక్కను లారీ వచ్చినను అంచునకు తప్పుకొనుటకు మోచేయి కదపిన చాలును. అదే దారిని బుల్లెట్టుతో, వెనుక మనిషితో, సామానుతో దిగినప్పుడు నా డ్రమ్ము బ్రేకు క్రిందికి వచ్చుసరికి కాలు ఎంత త్రొక్కినను మెత్తబడిపోయి యుండెడిది. మూడుమార్లు దిగితిని, మూడుమార్లును నడుమ చెట్టుక్రింద నిలిచి దానిని చల్లార్చుకొనుచు దిగితిని.

తిరుమల కొండదారిని గూర్చి ఇచట ఒక మాట. 1944లో తెఱచిన మొదటి ఘాటురోడ్డు యోజనకు తోడ్పడినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆంధ్రదేశపు మోక్షగుండము గ్రామమునుండి మైసూరు సీమకు తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబమువారు, మనవంటివారే. 1974లో రెండవదారి వచ్చినప్పటినుండి ఎక్కుటకొకటి, దిగుట కొకటియైనవి. ఆ దారిలో ఒక నియమము కలదు: నిర్ణీతమైన కనీసకాలమునకు ముందుగా క్రిందికి చేరినవాడు శిక్షార్హుడు. త్వరగా చేరుటయే నేరముగా లెక్కించు దారి స్వామివారి సన్నిధినుండి వచ్చునది. మన కుఱ్ఱవాండ్రు అచట టిక్కెట్టుపై గంట వేయించుకొని బుద్ధిగా దిగుచున్నారు. తిరుపతి దాటగానే ఆ కాలమును వడ్డీతో రాబట్టుకొనుచున్నారు.

శబ్దమును గూర్చి ఎక్కువ వ్రాయను. అది వాదమునకు తగిన విషయము కాదు, మర్యాదకు సంబంధించినది. కంపెనీవారు అమర్చిన సైలెన్సరును ఊడబెఱికి, లోపలి గొట్టమును కోసి, తుపాకివలె ప్రేల్చుచు, పసిబిడ్డలు నిద్రించు వీథిలో, ఆసుపత్రి ముంగిట, పరీక్షకు చదువుకొనుచున్న పిల్లల కిటికీల క్రింద పోవువాడు మన యింటివాడైనచో మనము సిగ్గుపడవలెను. అది చట్టవిరుద్ధము కూడ. పరాయిభాషల నడుమ తరతరములుగా మర్యాదతో బ్రతికి, ఇరుగుపొరుగు కన్నడిగులచేత, తమిళులచేత మంచివారనిపించుకొనిన కుటుంబములు మనవి. ఆ మంచిపేరును ఒక గొట్టము కోసి పోగొట్టుకొందుమా?

ఇంతకంటె బాధాకరమైన సంగతి పెండ్లిపందిటిలో జరుగుచున్నది. 2021లో తెలుగునాట ఒక పెండ్లికూతురు బరాతులో "బుల్లెట్టు బండి" పాటకు ఆడిన నాట్యము ఊరూర మాఱుమ్రోగినది. ఆ పిల్ల ఆట ముచ్చటయే. దానిని నేను తప్పుపట్టను. కాని ఆ తరువాత మన వైపు సంబంధములు కుదుర్చువారి నోట, "అబ్బాయికి బుల్లెట్టు ఇష్టమండీ" అను మాట ఎక్కువైనది. ఇష్టమని చెప్పుట అడుగుట కాదట! వరకట్న నిషేధచట్టము వచ్చినది 1961లో. నగదు అడుగుటకు మొగమాటపడువారు బండి అడుగుటకు మొగమాటపడుటలేదు. ఒక తండ్రి ఆ బండికై చేసిన అప్పు తీరకముందే అల్లుడు దానిని అమ్మి ఇంకను పెద్దది కొనుట నేను కన్నులార చూచితిని.

ఇక ప్రతిపక్షమువారి మాటలు వినవలెను. పెద్దబండి పాతబడినను ధర నిలుచునందురు. నిజమే, కాని మొదట వెచ్చించిన రెట్టింపు సొమ్ము, త్రాగిన పెట్రోలు ఆ లెక్కలోనికి రావలెను గదా. దూరప్రయాణమునకు సుఖమందురు. ఇదియు కొంత నిజమే. నాలుగు వరుసల జాతీయరహదారిపై లారీ గాలి తగిలినప్పుడు బరువైన బండి తొణకదు. తేలికబండి ప్రక్కకు వంగును. ఒప్పుకొంటిని. కాని అట్టి దారిలో సైతము మోటారు సైకిలుకు 2018 నాటి ఉత్తర్వు విధించిన గరిష్ఠవేగము గంటకు ఎనుబది కిలోమీటర్లు. ఆ వేగమునకు నూటయేబది సి.సి.ల బండి చాలును. ఏడాదికి రెండుమార్లు జరుగు ప్రయాణమునకై మూడువందల అరువది దినములు కూరగాయల అంగడికి ఏనుగు నెక్కి పోవుట ఏమి న్యాయము?

వారి చేతిలో నున్న ఒక్కగానొక్క పదునైన కత్తి వేఱు. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.లకు మించిన బండ్ల కన్నిటికిని చక్రము జారకుండ పట్టు బ్రేకు, అనగా ఏ.బి.ఎస్., తప్పనిసరి యైనది. అంతకు తక్కువవానికి ముందువెనుక బ్రేకులను కలిపి పట్టు ఏర్పాటు చాలునన్నారు. కావున పెద్దబండియే క్షేమమని వాదింతురు. ఇది బలమైన మాట, దీనిని త్రోసిపుచ్చను. వానలో, ఇసుకలో, నూనెపడిన మలుపులో ఆ బ్రేకు ప్రాణము నిలుపును. కాని దీనివలన తేలునది ఏమి? మంచి బ్రేకు కావలెనన్నది తేలును; మూడువందలయేబది సి.సి.లు కావలెనన్నది తేలదు. నూటయేబది, నూటయరువది సి.సి.ల తరగతిలో, నూటనలువది కిలోల బరువులోనే, ఆ బ్రేకుగల బండ్లు దొరకుచున్నవి. నేను నడపుచున్నది అట్టిదే. ఆ సౌకర్యము చిన్నబండ్లకును ఈయవలెనని కేంద్రప్రభుత్వము 2025 జూనులో ముసాయిదా వెలువరించినది. పాలవానికిని పూలవానికిని ఆ బ్రేకు కావలెనని మనము గట్టిగా అడుగుట ఉచితము. అది లేదని వాని బండిని వెక్కిరించుట అనుచితము.

చిన్నబండివారిని పొగడి విడువను. వారి తెగులు వేఱు. మైలేజీ పిచ్చి. లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గినచో నిద్రపట్టని పెద్దమనుషులు, అరిగి గుండైన టైరును ఇంకొక ఆఱునెలలు లాగుదురు. ముగ్గురు పిల్లలను, భార్యను, బియ్యపుసంచిని ఒక్క బండిమీద కుదించి, పైగా దానిని సంసారపక్షము అందురు. శిరస్త్రాణమును చేతికి తగిలించుకొని, పోలీసును చూచి తలకెక్కింతురు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రములమీద పోవుచున్నవారే. శిరస్త్రాణము లేక చనిపోయినవారు 50,029 మంది; వారిలో వెనుక కూర్చున్నవారును వేలకొలది. అనగా ముందున్న మగవాడు పెట్టుకొని, వెనుకనున్న ఆడుదానికి కొనక పోవుటచేత పోయిన ప్రాణములును ఆ లెక్కలో ఎన్నో కలవని నా నమ్మకము. మొన్న ఒక అంగడిలో క్రొత్తబండితో ఉచితమని ఇచ్చిన శిరస్త్రాణమును తిరుగవేసి చూచితిని. ఐ.ఎస్.ఐ. ముద్ర లేదు, వ్రేలితో నొక్కినచో లోనికి పోయినది. 2021 జూను మొదలు ఆ ముద్ర లేనిది అమ్ముటయే నిషిద్ధము. అడిగినచో, ఊరక ఇచ్చుచున్నాము గదా అని నవ్విరి. బండికి వేయు ఇనుపకమ్మీలకు, మెఱుగు స్టిక్కర్లకు వేలు పోయుటకు సిద్ధపడిన తండ్రి, మంచి శిరస్త్రాణమునకు రెండువేలనగానే బేరమాడుచుండెను.

పదునెనిమిదేండ్లు నిండని బాలురకు బండి తాళము లిచ్చు తల్లిదండ్రులకు 2019 నాటి చట్టసవరణ మూడేండ్ల కారాగారమును, ఇరువదియైదువేల జరిమానాను విధించుచున్నది. మన యిండ్లలో పదునాఱేండ్ల పిల్లవాడు పెద్దబండి నడపుట చూచి, వాడు తాతపోలిక యని మురియు తాతలు దీనిని ఒకమాఱు చదివించుకొని వినుట మంచిది.

కావున పిల్లవానికి బండి కొనబోవువారికి నా సలహా ఇది. వానిని వెంట తీసికొనిపోయి, వాడు కోరిన బండిని ముందు ఎక్కనీయకుడు. దానిని నడిమి స్టాండు మీదికి ఒంటిగా ఎక్కింపుమనుడు. పిమ్మట అంగడి ముందరి వాలులో వెనుకకు త్రోసికొని పైకి తెమ్మనుడు. తరువాత వాని అక్కనో చెల్లెలినో పిలిచి ఆ పనియే చేయుమనుడు. అటుపిమ్మట వానిని ఎక్కించి, నలువది వేగమున రానిచ్చి, సుద్దతో గీచిన గీత దగ్గఱ రెండు బ్రేకులు పట్టి నిలుపుమని, ఎన్ని అడుగులు దాటెనో మీరే నడచి లెక్కింపుడు. రెండు మూడు బండ్లతో ఇట్లు చేసినచో ఏది కొనవలెనో పిల్లవానికే తెలియును. ఇంత పరీక్షకు అంగడివాడు ఒప్పుకొననిచో, ఎదురువరుసలో ఇంకొక అంగడి కలదు.